రోజూ వెంట ఉంచుకునే తుపాకీ: జేబులో పట్టేదా, చేతిలో పట్టేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. లైసెన్సు వచ్చింది, ప్రాథమిక శిక్షణ అయింది. మీది సన్నని ఒళ్లు, చిన్న చేతులు, వేసుకునేవి పలచని బట్టలు. దుకాణదారు "అయిదు తూటాల చిన్న రివాల్వర్ తీసుకోండి, జేబులో వేసుకుని మరిచిపోవచ్చు" అన్నారు. మీ మిత్రుడు ".45 కంటే చిన్నది అసలు తుపాకీయే కాదు" అన్నాడు (.45 అంటే అంగుళాల్లో గుండు వ్యాసం). రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోట) అద్దెకు తీసుకుని కాల్చిన మధ్యరకం 9 ఎంఎం పిస్టల్ మీ చేతికి బాగా నచ్చింది. కానీ అది చొక్కా కింద దాగుతుందా అన్నది మీ సందేహం. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి?

మీ చేతి మాట వినండి. అదుపు తప్పకుండా వేగంగా కాల్చగలిగినవాటిలో, ఏడాది పొడవునా నిజంగా మోయగలిగినంత పెద్ద 9 ఎంఎం పిస్టల్ తీసుకోండి. మీ విషయంలో అది మీకు నచ్చిన ఆ మధ్యరకమే కావచ్చు, లేదా దానికంటే ఒక మెట్టు చిన్నది కావచ్చు. జేబు రివాల్వర్ మొదటి తుపాకీగా వద్దు. .45 సంగతి ప్రస్తుతానికి మరిచిపోండి.

కారణాలు చెప్పేముందు నా సంగతి రెండు ముక్కలు. పద్దెనిమిదేళ్లుగా కొత్తవారికి కాల్చడం నేర్పుతున్నాను. అంతకంటే ఎక్కువ కాలంగా నడుముకు తుపాకీ పెట్టుకుని తిరుగుతున్నాను. అందులో నాలుగేళ్లు నాకు సరిపడని తుపాకీనే మోశాను. కనుక కింద రాసేదానిలో సగం నా తప్పుల చిట్టా అనుకోండి.

ఇంకో మాట. ఎక్కడ మోయవచ్చు, ఎన్ని తూటాల మ్యాగజైన్ (పిడిలోకి దూర్చే తూటాల పెట్టె) అనుమతిస్తారు, ఏ రకం గుండు వాడవచ్చు, ఏ భవనంలోకి తీసుకువెళ్లకూడదు అన్నవి ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. డబ్బు కట్టకముందే మీ చోటి చట్టం మీరే చదవండి. దుకాణదారు చెప్పాడన్నది న్యాయస్థానంలో నిలిచే సమాధానం కాదు.

చిన్న తుపాకీ మోయడానికి సుఖం, కాల్చడానికి కష్టం

కొత్తవారు అందరూ పడే పొరపాటు ఇక్కడే. చిన్నగా, ముద్దుగా ఉంది కనుక కాల్చడం కూడా సులువనుకుంటారు. పిట్ట కొంచెం, కూత ఘనం. స్మిత్ అండ్ వెసన్ 642 వంటి అయిదు తూటాల రివాల్వర్ ఖాళీగా 400 గ్రాముల పైచిలుకు తూగుతుంది. గ్లాక్ 19 వంటి మధ్యరకం పిస్టల్ ఖాళీ మ్యాగజైన్‌తో 670 గ్రాములు. తుపాకీ వెనక్కి తన్నే శక్తి దాని బరువుకు విలోమంగా ఉంటుంది. ఒకే తూటాను సగం బరువున్న తుపాకీలో పేలిస్తే తన్ను దాదాపు రెట్టింపు అవుతుంది. దానికి తోడు చిన్న తుపాకీ పిడి మీద చిటికెన వేలికి చోటుండదు. పట్టు సగమై తన్ను రెట్టింపైతే రెండో గుండు ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి.

ట్రిగ్గర్ సంగతి ఇంకా ముఖ్యం. ఇలాంటి రివాల్వర్ ట్రిగ్గర్‌ను చివరివరకు లాగడానికి సాధారణంగా అయిదు కిలోల పైన బలం కావాలి. అంటే తుపాకీ బరువుకు పన్నెండు రెట్ల బలాన్ని ఒక్క వేలితో పెడుతూ, ఆ తుపాకీని మాత్రం వెంట్రుకవాసి కూడా కదలనివ్వకూడదు. మధ్యరకం పిస్టళ్లలో ట్రిగ్గర్‌కు రెండున్నర కిలోల దరిదాపు చాలు, లాగే దూరం కూడా తక్కువ.

మూడోది గురి. ముందు గుర్తుకూ వెనక గుర్తుకూ మధ్య దూరం 15 సెంటీమీటర్లు ఉన్న పిస్టల్‌లో ఆ రెండింటి మధ్య ఒక మిల్లీమీటరు తేడా వస్తే, 7 మీటర్ల దూరంలో గుండు దాదాపు 4.7 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆ దూరం 9 సెంటీమీటర్లే ఉన్న పొట్టి తుపాకీలో అదే పొరపాటుకు గుండు 8 సెంటీమీటర్ల దరిదాపు తప్పుతుంది. తప్పు మీదే, శిక్ష మాత్రం తుపాకీని బట్టి పెరుగుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థిని సరిగ్గా మీలాగే అడిగిన ప్రశ్నకు, సరిగ్గా మీకు వచ్చిన సలహానే విని, అలాంటి రివాల్వర్ కొనుక్కుని వచ్చారు. మొదటి రోజు పదిహేను తూటాలు కాల్చి ఆపేశారు. బొటనవేలి మొదట్లో చర్మం కందిపోయింది. రెండో తరగతికి ట్రిగ్గర్ లాగేముందే కళ్లు మూసుకోవడం మొదలైంది. మూడో తరగతికి రాలేదు. తుపాకీ మాత్రం రోజూ చేతిసంచిలో తిరుగుతోందని తరువాత తెలిసింది. కాల్చడానికి భయపడే తుపాకీని రోజూ మోయడం కంటే మోయకపోవడమే నయం. మళ్లీ పిలిపించి మధ్యరకం పిస్టల్ చేతికిచ్చాను. గంటలో ఎనభై తూటాలు కాల్చి, ఇంకా ఉన్నాయా అని అడిగారు. లోపం ఆవిడలో ఉందని అప్పటివరకు ఆవిడకు నమ్మకం కుదిరిపోయింది. నాకు బాధ కలిగించింది అదే.

అలాగని చిన్న రివాల్వర్ పనికిరానిదని కాదు. ఒంటిమీద పడి పెనుగులాడుతున్న మనిషికి ఆనించి కాల్చినా అది పనిచేస్తుంది. పిస్టల్ అయితే నొక్కుడుకు స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ కదిలే లోహ భాగం) కాస్త వెనక్కి జరిగి పేలకపోవచ్చు. సుత్తి బయటికి కనబడని రకాన్ని జేబులోంచి తీయకుండానే కాల్చవచ్చు. పట్టు సడలితే పిస్టల్ మొరాయించవచ్చు, రివాల్వర్‌కు ఆ పట్టింపు లేదు. నా దగ్గరా ఒకటుంది, సూటు వేసుకోవాల్సిన రోజుల్లో అదే నా తోడు. కానీ దాన్ని సరిగా కాల్చడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఇప్పటికీ నెలకోసారి సాధన చేయకపోతే చేయి మొరాయిస్తుంది. అది ఆరితేరినవారి తుపాకీ. దుకాణాల్లో దాన్ని కొత్తవారికి అంటగట్టడం చూస్తే, ఈత రానివాడిని నేరుగా సుడిగుండంలోకి తోస్తున్నట్టు ఉంటుంది.

జేబు పిస్టళ్ల విషయమూ ఇంతే. రూగర్ ఎల్‌సీపీ రకం .380 పిస్టల్ 270 గ్రాములు తూగుతుంది, జేబులో ఉన్నట్టే తెలియదు. కాల్చినప్పుడు తెలుస్తుంది. పైగా .380 తూటాను అంత పొట్టి బ్యారెల్‌లోంచి పంపినప్పుడు, ఒంట్లోకి వెళ్లాక విచ్చుకునే రకం గుండు చాలినంత లోతుకు వెళ్లదు, లేదా లోతుకు వెళ్లినప్పుడు విచ్చుకోదు. రెండూ కుదిరే తూటా వెతుక్కోవాలి.

మరి పెద్దదే మోస్తే?

ఇది నా నాలుగేళ్ల కథ. కాల్చడానికి పెద్ద తుపాకీ ఎంతో హాయి కనుక నేను పూర్తి పరిమాణంలో ఉన్న ఉక్కు పిస్టల్ మోశాను. 1911 నమూనా .45 అది. ఖాళీగానే 1.1 కిలోలు. రేంజ్‌లో నాకు తిరుగులేదు. బయట మాత్రం పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఉండేది. కూర్చుంటే పక్కటెముకల్లో పొడుచుకునేది, వంగితే చొక్కా లేచిపోయేది. ఒక నెలపాటు క్యాలెండర్‌లో గీతలు పెట్టి చూశాను. ముప్పై రోజుల్లో అది నిజంగా నడుముకు ఉన్నవి పదకొండు. మిగతా పంతొమ్మిది రోజులూ ఏదో ఒక సాకు: ఎండ, చిన్న పనే కదా, ఈ ప్యాంటుకు సరిపోదు. ఇంట్లో బీరువాలో ఉన్న .45 బయట నాకు ఏ రకంగానూ పనికిరాదు. అప్పుడు మధ్యరకానికి మారాను. తరువాతి ఏడాది అలాంటి గీతలు పెట్టాల్సిన అవసరమే రాలేదు.

మీరూ ఏది కొన్నా ఇలా గీతలు పెట్టి చూడండి. అద్దం ముందు పది నిమిషాలు నిలబడితే ఈ సంగతి బయటపడదు.

.45 వాదన గురించి

మీ మిత్రుడిది ఒకప్పుడు చాలామంది నమ్మిన మాటే, వెటకారం చేయను. 9 ఎంఎం తూటా 1902 నాటిది, .45 కూడా దాదాపు ఆ కాలానిదే. 1986లో అమెరికాలోని మయామీలో జరిగిన ఎదురుకాల్పుల్లో అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు చనిపోయారు. నేరస్థుడి ఒంట్లోకి వెళ్లిన ఒక 9 ఎంఎం గుండు గుండె దాకా చేరకుండా ఆగిపోయింది, ప్రాణాంతక గాయమైనా అతడు ఆ తరువాతా కాలుస్తూనే ఉన్నాడు. దాంతో ఎఫ్‌బీఐ గుండు ఎంత లోతుకు దిగుతుందో ఒంటి కండను పోలిన జెల్ దిమ్మెల్లో కొలిచే పద్ధతిని రూపొందించుకుంది. 12 నుంచి 18 అంగుళాలు, అంటే 30 నుంచి 46 సెంటీమీటర్ల లోతు కావాలన్న ప్రమాణం అక్కడిదే. ముందు 10 ఎంఎం వైపు వెళ్లారు. తరువాత 1990లో వచ్చిన .40 తూటా పోలీసు శాఖల్లో పాకిపోయింది. అయితే పాతికేళ్లలో గుండ్ల తయారీ ఎంతో మెరుగై, 9 ఎంఎం కూడా ఆ ప్రమాణాన్ని తేలిగ్గా అందుకోసాగింది. 2010ల నడిమధ్య ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎంకే తిరిగి వచ్చింది. తన్ను తక్కువ, మ్యాగజైన్‌లో తూటాలు ఎక్కువ, ఎక్కువమంది సిబ్బంది బాగా కాల్చగలరు అన్నవి కారణాలు.

చేతి తుపాకీ గుండు ఏదైనా మనిషిని గాలిలోకి ఎగరగొట్టదు, అది తెర మీది మాట. ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు వెళ్లింది అన్నవే లెక్క. 9 ఎంఎం గుండు వ్యాసం 9 మిల్లీమీటర్లు, .45ది 11.5. ఆ రెండున్నర మిల్లీమీటర్ల లాభం కోసం తన్ను పెంచుకుని, తూటాలు తగ్గించుకుని, సాధన ఖర్చు పెంచుకోవడం చిన్న చేతులవారికి గిట్టుబాటు కాదు. ఆయన చేతికి .45 కుదిరితే ఆయన్ను కాల్చుకోనివ్వండి.

మధ్యరకం దాగుతుందా?

మీ అసలు సందేహం ఇదే కదా. దాగుతుంది, కాకపోతే ఏది దాగాలో ముందు తెలియాలి. అందరూ బ్యారెల్ పొడవు చూస్తారు. బట్టల మీద ఉబ్బెత్తుగా కనబడేది బ్యారెల్ కాదు, పిడి. బ్యారెల్ ఎలాగూ నడుము కిందకు ప్యాంటులోకి వెళ్లిపోతుంది. పిడి మాత్రం నడుము పైన అడ్డంగా నిలబడి చొక్కాను పొడుస్తుంది. కనుక దాచడం కోసం ఏదైనా తగ్గించుకోవాలంటే పిడి పొడవు తగ్గించుకోండి, బ్యారెల్‌ను కాదు. బ్యారెల్ మరీ పొట్టిదైతే నడుము ముందు భాగంలో పెట్టుకున్నప్పుడు తుపాకీ పైభాగం బయటికి వాలుతుంది. కాస్త పొడవుంటే అదే అడుగున ఆని పిడిని ఒంటికి నొక్కుతుంది. కొత్తవారికి ఇది తలకిందులుగా తోస్తుంది, మీరే రెండూ పెట్టుకుని చూడండి.

2018లో సిగ్ పీ365 వచ్చాక ఈ లెక్క బాగా మారింది. అంతకుముందు ఆ పరిమాణంలో ఆరేడు తూటాలే పట్టేవి, అందులో పది పట్టించారు. ఖాళీగా అర కిలో బరువు. తరువాత ఇతర కంపెనీలూ ఆ దారే పట్టాయి. మధ్యరకంలో గ్లాక్ 19 పదిహేను తూటాలది, 1988 నుంచి ఉంది, తూటాలు నింపితే 850 గ్రాముల దరిదాపు. మీ ఎంపిక ఈ రెండు పరిమాణాల మధ్యే. ఫలానా కంపెనీయే కొనండని నేను చెప్పను, ఈ స్థాయిలో మంచివి చాలా ఉన్నాయి. మీకు కుదిరే పరిమాణాన్ని మాత్రం మీ చేయే చెప్పాలి.

చేయి ఎలా చెబుతుంది? ఖాళీ తుపాకీని, చాంబర్ (పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ రెండుసార్లు చూసుకున్నాక, కాల్చేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకోండి. బ్యారెల్, మణికట్టు, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. అలా ఉన్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మధ్యభాగం ట్రిగ్గర్ మీదకు సహజంగా రావాలి. వేలి కొస మాత్రమే అందుతూ, అందుకోవడానికి తుపాకీని చేతిలో పక్కకు తిప్పాల్సి వస్తే ఆ పిడి మీకు లావు. మ్యాగజైన్ వదిలే మీట బొటనవేలికి అందాలి. స్లైడ్‌ను పదిసార్లు వరుసగా లాగి చూడండి. చేతుల్లో బలం లేదని కొందరు ఇక్కడే ఆగిపోయి రివాల్వర్ వైపు వెళ్తారు. చాలాసార్లు సమస్య బలానిది కాదు, పద్ధతిది. స్లైడ్‌ను పట్టుకుని పిడిని ముందుకు తోస్తే పని సులువవుతుంది. కీళ్లనొప్పులున్న నా పెద్ద వయసు విద్యార్థులకు మాత్రం స్లైడ్ తేలిగ్గా కదిలేలా చేసిన నమూనాలు చూపిస్తాను. స్మిత్ అండ్ వెసన్ 2018 నుంచి ఈజెడ్ పేరుతో అలాంటివి చేస్తోంది.

సేఫ్టీ మీట, చాంబర్‌లో తూటా

సేఫ్టీ మీట ఉండాలా వద్దా అన్నదానిపై జనం గంటలు గంటలు కొట్టుకుంటారు. నా దృష్టిలో రెండూ మంచివే, కాకపోతే ఒకదాన్నే ఎంచుకోండి. మీట ఉన్నది కొంటే తుపాకీ తీసిన ప్రతిసారీ బొటనవేలు దానంతట అదే మీటను కిందికి నొక్కేంత సాధన కావాలి. నేను ఒకసారి నెలపాటు మీట లేనిది మోసి, మళ్లీ పాత 1911 పట్టుకుని సమయం చూసుకుంటూ కాల్చబోతే ట్రిగ్గర్ కదలలేదు. మీట వేసే ఉంది. ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు దాదాపు రెండు సెకన్లు పట్టింది. అది సాధన కనుక నవ్వుకున్నాను. ఆ రోజు నుంచి ఒకే రకం విధానం ఉన్నవే మోస్తున్నాను.

చాంబర్ ఖాళీగా ఉంచి మోస్తానని చాలామంది అంటారు. అలా మోస్తే అవసరం వచ్చినప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక చేత్తో బిడ్డను లాక్కుంటున్నప్పుడో, మీద పడుతున్నవాడిని ఆపుతున్నప్పుడో అది కుదరదు. భయం పోవడానికి నేను చెప్పే ఉపాయం: పూర్తిగా ఖాళీ చేసిన పిస్టల్‌ను, స్లైడ్ ఒకసారి లాగి, లోపలి సూది కొట్టడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో, ఒరలో పెట్టుకుని రెండు వారాలు ఇంట్లో తిరగండి. వంగండి, లేవండి, కారెక్కండి. ప్రతి రాత్రీ తీసి చూసుకోండి, ఒక్కసారైనా దానంతట అది కొట్టుకుందా అని. మంచి ఒరలో కొట్టుకోదు. అప్పటికీ మనసు ఒప్పకపోతే మోయడం కొన్నాళ్లు వాయిదా వేయండి, తప్పేమీ లేదు.

ఒర మీద పిసినారితనం వద్దు

దుకాణంలో తుపాకీ గురించి గంటసేపు అడిగినవారు ఒర దగ్గరికొచ్చేసరికి గల్లాపెట్టె పక్కన వేలాడుతున్న మెత్తటి గుడ్డ సంచి తీసుకుని వెళ్లిపోతారు. నాకు తెలిసిన పొరపాటు పేలుళ్లలో ఎక్కువ భాగం తుపాకీ తీసేటప్పుడు కాదు, తిరిగి ఒరలో పెట్టేటప్పుడు జరిగినవే. మెత్తటి ఒర అంచు లోపలికి మడతపడి ట్రిగ్గర్‌కు తగులుతుంది, వేలు చేయాల్సిన పని అది చేసేస్తుంది. నా కోటు నడుము తాడు చివరనున్న చిన్న ప్లాస్టిక్ ముడి ఒకసారి ఒరలోకి దూరింది. తుపాకీ లోపలికి దిగకుండా తట్టుకుంటుంటే బలంగా తోయబోయి ఎందుకో ఆగాను. ఆ ముడి ట్రిగ్గర్‌కు సరిగ్గా ముందు ఉంది. ఆ కోటు తాళ్లన్నీ అదే సాయంత్రం కత్తిరించేశాను.

ఒరకు మూడు లక్షణాలు చూడండి. ట్రిగ్గర్ చుట్టూ గట్టిగా, పూర్తిగా మూసి ఉండాలి. తుపాకీ తీశాక కూడా నోరు తెరుచుకునే ఉండాలి. తలకిందులు చేసి ఊపినా తుపాకీ జారకూడదు. మీ తుపాకీ నమూనాకే అచ్చుపోసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) ఒరలు ఈ మూడింటినీ తేలిగ్గా నెరవేరుస్తాయి. ముందువైపు పెట్టుకునే ఒరల్లో కొన్నింటికి బెల్టుకు ఆనే చిన్న రెక్క ఉంటుంది, అది పిడిని ఒంటివైపు తిప్పుతుంది. మీ సన్నని ఒంటికి తుపాకీ మార్చడం కంటే ఆ రెక్కే ఎక్కువ మేలు చేస్తుందని నా అంచనా. బెల్టు గట్టిది కావాలి. మామూలు మెత్తటి బెల్టుకు తుపాకీ తగిలిస్తే అది బయటికి వాలి, ఎంత చిన్నదైనా కనబడుతుంది. ఒరలోకి తిరిగి పెట్టేటప్పుడు కళ్లతో చూస్తూ, నిదానంగా, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా. ఆ పనిలో తొందరకు ఎవరూ బహుమతి ఇవ్వరు.

నా ఇంట్లో ఒక పెద్ద సొరుగు నిండా వాడని ఒరలున్నాయి. ఈ రంగంలో ఎవరిని అడిగినా అలాంటి సొరుగు చూపిస్తారు. మొదటి ఒరే సరిపోతుందని ఆశపడకండి.

ఎక్కడ పెట్టుకోవాలి అన్నది ఒంటి తీరును బట్టి. బొడ్డుకు కుడిపక్కన ముందువైపు పెట్టుకుంటే త్వరగా అందుతుంది, వెనక నుంచి ఎవరూ లాగలేరు, సన్నగా ఉన్నవారికి బాగా దాగుతుంది. కాకపోతే బ్యారెల్ తొడ వైపు, ఇంకా సున్నితమైన చోట్ల వైపు చూస్తుంటుంది, కనుక ఒరలో పెట్టేటప్పుడు నడుము ముందుకు తోసి బ్యారెల్‌ను ఒంటికి దూరంగా ఉంచే అలవాటు చేసుకోవాలి. తుంటి వెనక పెట్టుకుంటే కూర్చోవడం సుఖం, వంగితే కనబడుతుంది. జేబులో అయితే ప్రత్యేకమైన జేబు ఒరలోనే, ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు, తాళంచెవి కూడా. చేతిసంచిలో మోయడం నాకు ఇష్టం లేదు. సంచి కుర్చీకి తగిలిస్తాం, పక్కన పెడతాం, మరిచిపోతాం. తుపాకీ ఒంటి మీద లేనప్పుడు అది ఎవరి చేతిలోకైనా వెళ్లవచ్చు, ముఖ్యంగా పిల్లల చేతుల్లోకి.

కొన్నాక

మోయడం మొదలుపెట్టేముందు నేను కనీసం 300 సాధన తూటాలు, మోయబోయే రకం తూటాలు 50 నుంచి 100 దాకా కాలుస్తాను. ఎక్కడైనా ఇరుక్కుంటే ముందు మ్యాగజైన్ మార్చి చూస్తాను, పిస్టల్‌లో తరచుగా చెడే భాగం అదే. అదనపు మ్యాగజైన్ వెంట ఉంచుకోమనేది కూడా అందుకే. తూటాలు చాలవనే భయంతో కాదు. మోయడానికి విచ్చుకునే గుండ్లు, చట్టం అనుమతిస్తే, వాడండి. మామూలు లోహపు తొడుగు గుండు ఒంట్లోంచి దూసుకెళ్లి వెనకున్నవారికి తగిలే ప్రమాదం ఎక్కువ.

ఒక చిన్న విషయం ఎవరూ చెప్పరు. రోజూ రాత్రి తూటా తీసి, పొద్దున అదే తూటాను మళ్లీ చాంబర్‌లోకి ఎక్కిస్తుంటే గుండు మెల్లగా తూటా తాలూకు ఇత్తడి గొట్టంలోకి దిగిపోతుంది. అలాంటి తూటా పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు. కొత్తదాని పక్కన పెట్టి పొడవు పోల్చుకోండి, పొట్టిదైతే పక్కన పడేయండి. చెమట, దుమ్ము, బట్టల నూగు కూడా మోసే తుపాకీకి శత్రువులే, కాల్చకపోయినా నెలకోసారి తుడవాలి.

చుక్క గురి (రెడ్ డాట్, అంటే చిన్న అద్దంలో వెలిగే చుక్కతో గురి చూసే పరికరం) పెట్టించుకోవాలా అని చివర్లో అడిగారు. నా కళ్లకు వయసు మీద పడ్డాక నేను పెట్టించుకున్నాను, లాభమే కలిగింది. కానీ మొదటి ఆరు నెలలు మామూలు గురితోనే నేర్చుకోండి. పట్టు సరిగా లేనివారు చుక్క కోసం అద్దంలో వెతుక్కుంటూ ఉండిపోతారు.

సాధన అంటే తూటాలు తగలేయడం కాదు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, ఖాళీ తుపాకీతో రోజూ పది నిమిషాలు తీయడం, గురి చూడటం, ట్రిగ్గర్ లాగడం చేస్తే చాలు. 1983లో డెన్నిస్ ట్యూలర్ అనే పోలీసు శిక్షకుడు ఒక లెక్క చెప్పాడు: కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని, అంటే 6.4 మీటర్లను, దాదాపు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. శిక్షణ పొందినవారు తుపాకీ తీసి కాల్చడానికి పట్టే సమయం కూడా అంతే. చొక్కా కింద నుంచి తీయాలంటే ఇంకాస్త ఎక్కువ. కనుక దూరం పెంచుకోవడం, పక్కకు తప్పుకోవడం, అసలు అక్కడికి వెళ్లకపోవడం కూడా మీ సాధనలో భాగమే. మిరియాల స్ప్రే కూడా వెంట ఉంచుకోండి, అనుమతి ఉంటే. తోసుకోవడాలకు, తిట్టుకోవడాలకు తుపాకీ సమాధానం కాదు. చేతిలో తుపాకీ ఒక్కటే ఉంటే ప్రతిదీ తుపాకీ సమస్యలాగే కనిపిస్తుంది. ఇంట్లో ఒంటి మీద నుంచి తీసిన మరుక్షణం తాళం పెట్టెలోకి వెళ్లాలి. దిండు కింద, బల్ల సొరుగులో పెట్టడం వద్దే వద్దు.

ఇక మీరు చేయాల్సిన పని. మళ్లీ రేంజ్‌కు వెళ్లి మూడింటినీ అద్దెకు తీసుకోండి: దుకాణదారు చెప్పిన రివాల్వర్, మీకు నచ్చిన మధ్యరకం, దానికంటే ఒక మెట్టు చిన్నది. ఒక్కోదానితో ముందు 30 తూటాలు ఊరికే కాల్చి చేయి అలవాటు చేసుకోండి. తరువాత 20 సెంటీమీటర్ల కాగితపు పళ్లెం 7 మీటర్ల దూరంలో పెట్టి, అయిదు సెకన్లలో అయిదు తూటాలు కాల్చండి. ఇలా మూడేసి సార్లు. పళ్లెంలో ఎన్ని రంధ్రాలు పడ్డాయో, చేయి ఎంత నొప్పి పుట్టిందో రాసుకోండి. మధ్యరకంతోనూ చిన్నదానితోనూ లెక్క దాదాపు సమానంగా వస్తే చిన్నదే కొనండి. పదిహేనులో రెండు మూడుకు మించి తేడా వస్తే మధ్యరకం తీసుకుని, మిగిలిన డబ్బు ఒర మీద పెట్టండి. ఒకవేళ ఆ రివాల్వర్‌తోనే పదిహేనుకు పదిహేనూ పళ్లెంలో పడితే, పైన రాసినదంతా నేను వెనక్కి తీసుకుంటాను. జేబు ఒర ఎలా ఎంచుకోవాలో అప్పుడు విడిగా రాస్తాను.